తుపాకి ఎవరికి సాక్షి?

రేనాటి పల్లెల్లో ఏ పాత ఇంట్లోనైనా తుపాకి ఉందంటే దానితోపాటు ఒక కథ కూడా ఉంటుంది. కోవెలకుంట్ల ప్రాంతంలోని ఒక ఇంటి పెద్ద, తన పేరున లైసెన్సు ఉన్న జోడు గొట్టాల తుపాకికి ఇత్తడి పలక చేయించదలిచాడు. పలక మీద ఉండాల్సిన మాట: ‘1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దండులో మా పూర్వీకుడు పట్టిన తుపాకి’. ఆయన తమ్ముడి కూతురు, మ్యూజియంలో పనిచేసే అమ్మాయి, దానికి ఒప్పుకోలేదు. ఇద్దరికీ జరిగిన వాదన ఇది.

పెదనాన్న: మా జేజినాయనకు జేజినాయన ఊరి కాపలా చూసే కట్టుబడి ఉద్యోగి. ఆ సేవకిచ్చిన ఇనాం భూమిని ఈస్టిండియా కంపెనీవాళ్ళు పీకేస్తే, వాళ్ళ మీద తిరగబడ్డ నరసింహారెడ్డి వెంట నడిచినాడు. ఆ సంగతి మా జేజినాయనకు ఆ పెద్దాయనే ఒళ్ళో కూర్చోబెట్టుకొని చెప్పినాడు. జేజినాయన మా నాయనకు చెప్పినాడు, మా నాయన నాకు చెప్పినాడు. ఇంతకన్నా రుజువు ఏం కావాలమ్మా నీకు?

అమ్మాయి: ఆ మాట నేను కాదనడం లేదు పెదనాన్నా. మీరు పలక తగిలిస్తున్నది మాటకు కాదు, తుపాకికి. అందుకని తుపాకిని కూడా ఒక మాట అడగాలి. గొట్టాలు విప్పి అడుగుభాగం చూశారా?

పెదనాన్న: నూనె పెట్టేటప్పుడల్లా చూస్తా. ఏవో ముద్రలున్నాయి. అవన్నీ చేసినవాళ్ళు తమ లెక్క కోసం కొట్టుకున్నవి. పైన గొట్టాల మధ్య పట్టీ మీద పేరు స్పష్టంగా ఉంది గదా: ‘పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్’. మద్రాసులో తయారైన తుపాకి.

అమ్మాయి: మద్రాసులో అమ్మిన తుపాకి. ఆ కంపెనీ మౌంట్ రోడ్డులో గడియారాలకు పేరుపొందింది, తుపాకులు కూడా అమ్మేది. బర్మింగ్‌హామ్ పనివాళ్ళు చేసిన తుపాకిని కొని, పట్టీ మీద తమ పేరు చెక్కించి అమ్మడం ఆ కాలపు దుకాణాలకు మామూలే. పైకి కనిపించే పేరు కొనేవాళ్ళ కోసం. పుట్టుక తెలియాలంటే అడుగునున్న ముద్రలే చదవాలి. ఇదిగో, ఈ కిరీటం కింద రెండు రాజదండాలు అడ్డంగా ఉన్నాయి. వాటి సందుల్లో బి, పి, సి అక్షరాలు. ఇది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. పక్కనే అలాంటిదే ఇంకొకటి, ‘వి’ అక్షరంతో. మొదటిది పేల్చి చూసినందుకు, రెండోది కంటితో తనిఖీ చేసినందుకు.

పెదనాన్న: పేల్చి చూడటమంటే?

అమ్మాయి: మామూలుగా వేసే మందు కన్నా బాగా ఎక్కువ దట్టించి దూరం నుంచి పేలుస్తారు. గొట్టం చీలకుండా, ఉబ్బకుండా నిలబడితేనే ముద్ర పడుతుంది. లండన్‌లో తుపాకుల పనివాళ్ళ సంఘానికి 1637లోనే రాజపత్రం దొరికింది. వాళ్ళ ముద్రలు వేరు, కిరీటం కింద పెనవేసిన జి, పి అక్షరాలు ఒకటి, కిరీటం కింద వి ఒకటి. బర్మింగ్‌హామ్‌కు 1813లో పార్లమెంటు చట్టంతో సొంత ప్రూఫ్ హౌస్ వచ్చింది. బంగారం మీద హాల్‌మార్క్ ఎలాగో గొట్టం మీద ఈ ముద్ర అలాగ. చేసినవాడి మాట మీద నమ్మకం పెట్టకుండా మూడోవాడు పరీక్షించి వేసినది. రాజదండాల రూపంలో ఈ ముద్ర 1904 దాకా నడిచింది.

పెదనాన్న: 1813 నుంచి 1904 దాకా అంటివి. 1846 ఆ మధ్యనే ఉంది. నా మాటే నిలబడింది గదా!

అమ్మాయి: ఆ ముద్ర ఒక్కటే ఉంటే మీ మాటను కాదనడానికి నాకు ఆధారం ఉండేది కాదు. కానీ దాని కిందున్న చిన్న అక్షరాలు చూడండి. ‘నాట్ ఫర్ బాల్’. పక్కన ‘13 బి’, ‘14 ఎం’. మొత్తం తుపాకికి తాళంచెవి ఇక్కడుంది.

పెదనాన్న: పెద్ద గుండు వేయొద్దని హెచ్చరిక. అది ఎప్పుడైనా రాయొచ్చు.

అమ్మాయి: ఎందుకు వేయొద్దన్నారో చూడండి. ఒక పౌను సీసంతో, అంటే సుమారు 454 గ్రాములతో, గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఎన్ని పోయవచ్చో ఆ సంఖ్యే గొట్టం కొలత. సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది. ఈ గొట్టం మొదట్లో 13, మూతి దగ్గర 14. అంటే మూతి దగ్గర కావాలనే బిగించారు. దాన్ని చోక్ అంటారు. చిన్న గుండ్లు చెదిరిపోకుండా గుంపుగా దూరం వెళ్ళడానికి చేసిన ఏర్పాటు. అలాంటి గొట్టంలో మొదటికి సరిపడే పెద్ద గుండు వేస్తే మూతి దగ్గర ఇరుక్కుంటుంది, గొట్టం పేలిపోతుంది. ఈ చోక్ పద్ధతి ఇంగ్లండులో బలంగా పాకింది 1870ల నడుమ. అప్పుడే ప్రూఫ్ హౌస్‌లు ఈ హెచ్చరికను ముద్రగా కొట్టడం మొదలుపెట్టాయి. 1875 నుంచి 1887 దాకానే ఈ మాట వాడారు. 1887లో నియమాలు మారి ‘చోక్’ అన్న మాట వచ్చింది, తూటా కొలతను వజ్రాకారపు గడిలో కొట్టడం మొదలైంది. ఆ గడి కూడా దీని మీద లేదు. కాబట్టి ఈ గొట్టాలు 1875కూ 1887కూ మధ్య పరీక్షకు వెళ్ళాయి.

పెదనాన్న: అంటే...

అమ్మాయి: నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. ఈ తుపాకి కనీసం 28 ఏళ్ళ తర్వాతిది.

పెదనాన్న: అంత తొందరపడొద్దు. పాత తుపాకినే మళ్ళీ సీమకు పంపి, బాగుచేయించి, మళ్ళీ పరీక్షించి ఉండొచ్చు. ముద్ర తర్వాతిదైనంత మాత్రాన తుపాకి తర్వాతిది అవుతుందా?

అమ్మాయి: మంచి ప్రశ్న. మళ్ళీ పరీక్షకు పోయిన తుపాకులు నిజంగానే ఉన్నాయి. అందుకే ముద్రను ఒంటరిగా నమ్మకూడదు, దాని పక్కన యంత్రాన్ని పెట్టి చూడాలి. 1846లో ఈ ప్రాంతంలో ఉన్నవి మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించే భర్మార్లు. కొన్నిటికి వత్తి, కొన్నిటికి చకుముకి, కొత్తవాటికి దెబ్బకు పేలే టోపీ. మన తుపాకి మీట తిప్పితే నడుము దగ్గర విరిగి తెరుచుకుంటుంది. వెనక నుంచి తూటా పెట్టాలి. ఇలా తెరుచుకునే తుపాకులను ఫ్రాన్సులో లెఫోషో అనే పనివాడు ముందు చేశాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో చూశాకే ఇంగ్లండు పనివాళ్ళు ఆ దారి పట్టారు. అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే తూటా అక్కడ 1860లలో స్థిరపడింది. మన తుపాకి కొట్టేది సరిగ్గా ఆ తూటానే. ముద్ర ఒక కాలం చెప్పి, యంత్రం ఇంకో కాలం చెబితే అనుమానించాలి. ఇక్కడ రెండూ ఒకే కాలం చెబుతున్నాయి.

పెదనాన్న: దొంగ ముద్రల సంగతేమిటి? సరిహద్దు కొండల్లో, దర్రా ఆదంఖేల్‌లో, ఏ ముద్ర కావాలంటే ఆ ముద్ర కొట్టిస్తారని మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళు చెప్తారు. నువ్వు దేవుడి వాక్కులాగా చదువుతున్న ఈ అక్షరాలను సమ్మెటతో ఎవడైనా కొట్టగలడు.

అమ్మాయి: కొట్టగలడు, కొట్టారు కూడా. అలాంటి వాటి మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, స్పెల్లింగు తప్పుతుంది, ముద్రలోని ఏడుకూ తుపాకి రూపానికీ పొంతన ఉండదు. చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. గొట్టం అడుగున, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమాను తోక మీద, ముందు చెక్క లోపలి ఇనుము మీద ఒకే నంబరు ఉందా? మన దాని మీద మూడు చోట్లా ఒకటే. అంటే భాగాలు మారలేదు. పైగా దొంగ ముద్ర కొట్టేవాడి ఉద్దేశం కొనేవాడి కంట పడాలని. విప్పితే తప్ప కనబడని చోట ఇంత చిన్న అక్షరాలతో ‘పెద్ద గుండు వేయొద్దు’ అని కొట్టి వాడికి వచ్చేదేముంది?

పెదనాన్న: సరే, నా తుపాకిని పక్కనపెట్టు. పై ఊరి వాళ్ళింట్లో ఒకటుంది. దాని మీద కిరీటం పట్టుకొని లేచి నిలబడ్డ సింహం ఉంది. వాళ్ళు విజయనగర రాయల కాలందంటారు.

అమ్మాయి: అది ఈస్టిండియా కంపెనీ సింహం. చకుముకి బిగించే లాకు పలక మీద ఉంటుంది. 1808 ప్రాంతం నుంచి కంపెనీ ఆ సింహాన్ని వాడింది. అంతకు ముందుదైతే నాలుగు గదులుగా విడదీసిన గుండె ఆకారం, గదికొక అక్షరం, వి, ఇ, ఐ, సి. పక్కనే ఏడు కూడా ఉండొచ్చు, అది ఆ లాకు తయారైన ఏడు. అక్కడ కూడా జాగ్రత్త కావాలి. చకుముకిని తీసేసి టోపీకి మార్చినవి చాలా ఉన్నాయి. అప్పుడు లాకు ఒక కాలానిది, దాని మీద బిగించిన, టోపీని కొట్టే గుర్రం ఇంకో కాలానిది.

పెదనాన్న: టిప్పు సుల్తాన్ తుపాకులని కూడా చూపిస్తుంటారు.

అమ్మాయి: ఆయన శ్రీరంగపట్నంలో చేయించినవి ఎంత గొప్పవో, చదవడం అంత కష్టం. టిప్పు తనే మౌలూదీ శకమని ఒక లెక్క పెట్టాడు, అంకెలను కుడి నుంచి ఎడమకు రాయించాడు. ఆ సంగతి తెలియనివాడు ఏడును తిరగేసి చదువుతాడు. ఇంకొన్ని ఇళ్ళల్లో కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ, ఎల్, జి అక్షరాలున్న తుపాకులుంటాయి. ఇంగ్లీషు తుపాకి అని చెప్పుకుంటారు. అది బెల్జియంలోని లియేజ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. గీత మీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతిది. ఇంగ్లీషు వాసన వచ్చే పేర్లతో అక్కడ చౌక తుపాకులు లెక్కలేనన్ని తయారయ్యాయి. చెప్పొచ్చేదేమంటే ప్రతి ఇంట్లోనూ కథ తుపాకి కన్నా ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. వ్యాపారి తుపాకి రాజుదవుతుంది, రాజుది వీరుడిదవుతుంది.

పెదనాన్న: ఇదంతా విన్నాక నాకు తోచింది చెప్తా. నీ ముద్రలు చెప్పేదంతా ఇనుము గురించే. ఎక్కడ చేశారు, ఎవరు పేల్చి చూశారు, ఎన్నో నంబరు. దీన్ని పట్టుకొని రాత్రంతా చేనికాడ అడవిపందులకు కాపలా ఉన్న మనిషి ఆ ముద్రల్లో ఎక్కడున్నాడు? దసరాకు దీనికి బొట్టు పెట్టిన చేతులు ఎక్కడున్నాయి? ముద్రకు మనుషులు తెలీదు.

అమ్మాయి: తెలీదు. అందులో మీతో వాదన లేదు. కానీ మనిషికి దారి చూపిస్తుంది. తుపాకి 1875 తర్వాతిదని తేలింది. 1878లో ఆయుధ చట్టం వచ్చింది. తెల్లవాళ్ళకు చాలావరకు మినహాయింపు, మనవాళ్ళకు లైసెన్సు. అలాంటి రోజుల్లో రేనాటి ఇంట్లోకి సీమ తుపాకి వచ్చిందంటే దాని వెనక సర్కారు కాగితం ఉండాలి. ఆ కాగితం ఎవరికిస్తారు? మునసబులకు, భూస్వాములకు, కలెక్టరుకు నమ్మకమున్నవాళ్ళకు.

పెదనాన్న: అంటే దొర మీద తిరగబడ్డవాడి ఇంటిని దొరకు దండం పెట్టిన ఇల్లుగా చేస్తున్నావు.

అమ్మాయి: నేను చేయడం లేదు. ఆ ప్రశ్న తుపాకే వేస్తోంది. తాత ఒకలా బతికాడు, మనవడు ఇంకోలా బతికాడు. తిరుగుబాటు అణిగిన ఊళ్ళో పిల్లల్ని పెంచుకోవాల్సిన మనిషి అధికారంతో సర్దుకున్నాడంటే అది చిన్నతనం కాదు. అది కూడా మన ఇంటి చరిత్రే. ఇనప్పెట్టెలో జేజినాయన పేరున పాత లైసెన్సు పుస్తకం ఉందన్నారు. దానిలో నంబరూ దీని మీద నంబరూ కలిస్తే ఈ తుపాకి ఆయనదని కాగితంతో తేలుతుంది. మీరు పలక మీద రాయగలిగిన మొదటి గట్టి మాట అది.

పెదనాన్న: నేనింకో మాట చెప్తా విను. ఆ పెద్దాయన పట్టిన తుపాకి ఇది కాకపోవచ్చు. ఆయనకు భర్మారే ఉండి ఉంటుంది. తిరుగుబాటు తర్వాత కంపెనీవాళ్ళు లాక్కొని ఉంటారు, లేదంటే తుప్పుపట్టి పోయుంటుంది. తర్వాత కొన్నేళ్ళకు ఇది ఇంటికొచ్చింది. గోడ మీద తుపాకిని చూపిస్తూ ఆ తుపాకి కథ చెప్పినారు. వినే పిల్లలకు రెండూ ఒకటైపోయినాయి. కథ అబద్ధం కాదు, కథలోని తుపాకి వేరు.

అమ్మాయి: ఈ పూట మనం మాట్లాడుకున్న వాటిలో గట్టి మాట ఇదే పెదనాన్నా. మ్యూజియంలో మేం మాటిమాటికీ చూసేది ఇదే. పోయిన వస్తువు కథ మిగిలిన వస్తువు మీదికి వచ్చి వాలుతుంది. మీరు చెప్పినట్టు జరిగి ఉండటానికి పూర్తిగా వీలుంది. అయితే దానికి ఈ తుపాకి సాక్షి కాదు. సాక్షిని వేరే చోట వెతకాలి.

పెదనాన్న: ఎక్కడ?

అమ్మాయి: మీ కథలోనే ఉంది. కట్టుబడి ఇనాం అన్నారు. మద్రాసు సర్కారు 1858లో ఇనాం కమిషన్ వేసింది. ఏ ఊళ్ళో ఏ ఇనాం ఎవరిది, ఏ సేవ కింద వచ్చిందో రిజిస్టర్లలో రాయించింది. ఆ పెద్దాయన ఊరు, సేవ, వారసులు అక్కడ కనిపించవచ్చు. తిరుగుబాటు కాలపు ఉత్తరాలు చెన్నై ఎగ్మూరులోని రికార్డుల్లో చూడాలి. కర్నూలు పేరు కింద వెతికితే మాత్రం చిక్కవు. 1846లో కోవెలకుంట్ల కడప జిల్లాలో ఉండేది, 1858లో కర్నూలుకు మారింది. కడప కాగితాల్లో వెతకాలి.

పెదనాన్న: అంతవరకూ తుపాకిని ఏం చేయమంటావు? ఈ దసరాకు శుభ్రంగా తోమి, ఆయుధ పూజ నాడు ఒక తూటా పేలుద్దామనుకున్నా.

అమ్మాయి: రెండూ వద్దు. గొట్టాల మీద మెలికల గీతలున్నాయి చూడండి. ఇనుమూ ఉక్కూ పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి అతికిన గొట్టాలివి. డమాస్కస్ అంటారు. పరీక్షించింది పాతకాలపు నల్ల తుపాకిమందుతో. పొగరాని కొత్త మందుకు పరీక్షించిన ముద్ర వేరే ఉంటుంది, ‘నైట్రో’ అని. దీని మీద అది లేదు. ఇప్పటి తూటా పెడితే గొట్టం మీ చేతిలోనే చీలవచ్చు. పైగా సంబరాలకు నిర్లక్ష్యంగా తుపాకి పేలిస్తే 2019 సవరణ కింద నేరం, రెండేళ్ళ దాకా జైలు. తోమడం కూడా వద్దు. చింతపండు పులుపూ ఉప్పుకాగితమూ ఈ చిన్న అక్షరాలను తినేస్తాయి. పలచగా యంత్రాల నూనె రాయండి, చాలు. ముద్రలు చదవడానికి పక్కనుంచి వాలుగా వెలుతురు వేసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీద్దాం. ఇంకొక మాట, మీ ఇత్తడి పలకకు మేకులు కొట్టేది ఈ కర్ర మడమకేనా?

పెదనాన్న: అవును.

అమ్మాయి: నూట ముప్పై ఏళ్ళు దాటిన కర్రకు కొత్త తూట్లు పొడవొద్దు. పలకను అద్దాల పెట్టెకు పెట్టండి.

పెదనాన్న: అమెరికాలో ఉన్న మీ అన్న తీసుకెళ్తానంటున్నాడు. అక్కడ 1898 దాకా చేసినవాటికి లైసెన్సు గొడవ లేదంట గదా.

అమ్మాయి: అక్కడి కేంద్ర చట్టం సంగతి నిజమే. కానీ ఇది బయలుదేరాల్సింది ఇక్కడి నుంచి. నూరేళ్ళు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు, సొంతానికి దేశం దాటించకూడదు. పాతదైపోయింది గనక ఇంట్లో లైసెన్సు అక్కర్లేదనుకోవడమూ పొరపాటే. 1959 ఆయుధ చట్టం మినహాయించింది బాగుచేసినా సరే పేలని వాటిని మాత్రమే. ఇది తూటా పెడితే పేలుతుంది. మీ తర్వాత వారసులు దీన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని అప్పగించి, తమ పేరున లైసెన్సుకు పెట్టుకోవాలి. ఆ కాగితాల్లోనూ ఈ ముద్రలూ ఈ నంబరూ సరిగ్గా రాస్తేనే ఇది మన తుపాకి అని నిలబడుతుంది.

పెదనాన్న: పలక మీద ఏం రాయాలో నువ్వే చెప్పు.

అమ్మాయి: ‘బర్మింగ్‌హామ్‌లో 1875–1887 మధ్య పరీక్షించిన జోడు గొట్టాల తుపాకి. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ అమ్మినది.’ లైసెన్సు నంబరు కలిస్తే జేజినాయన పేరు. అంతకు మించి ఒక్క మాట వద్దు.

పెదనాన్న: మరి మా పెద్దాయన?

అమ్మాయి: ఆయన కథ మీ నోటితోనే ఒక పుస్తకంలో రాద్దాం. ఎవరు ఎవరికి చెప్పారో నలుగురి పేర్లూ వరసగా పెడదాం. చూసినవాడి నుంచి మీ దాకా మధ్యలో ఇద్దరే ఉన్నారు. అంత దగ్గరి వరస చాలా ఇళ్ళకు లేదు. తుపాకికి నంబరు ఎంత ముఖ్యమో కథకు ఆ పేర్ల వరస అంత ముఖ్యం. ఆ పుస్తకం పట్టుకొని ఇనాం రిజిస్టరు దగ్గరికి వెళ్దాం.

పెదనాన్న: రిజిస్టర్లో పేరు దొరక్కపోతే? నేనైతే ఈ కథ చెప్పడం మాననమ్మా. నా మనవళ్ళకు చెప్పి తీరతా.

అమ్మాయి: చెప్పండి. నాకూ ఇంకోసారి మొదటి నుంచి చెప్పండి, రాసుకుంటా. కానీ చెప్పేటప్పుడు ఈ తుపాకిని చూపించొద్దు.